వేరే దేశపు సంగీతం నేర్చుకోవడానికి కూర్చునే ముందు: మన వయొలిన్, వీణ, మృదంగం విద్యార్థులకి

పాశ్చాత్య వయొలిన్ విద్వాంసులెవరైనా విజయనగరం వచ్చి రెండు రోజులు పిల్లలకి పాఠం చెబుతామంటే, మొదట తేల్చుకోవాల్సింది శ్రుతి, అంటే మన స ఏ ఎత్తున పెట్టుకోవాలన్నది. రాగం సంగతి తర్వాత. వాళ్ల వయొలిన్ తీగలు లావు తీగ నుంచి సన్న తీగ దాకా జి, డి, ఎ, ఇ. లెక్కలో సుమారు 196, 294, 440, 659 హెర్ట్జ్. మనది స, ప, స, ప. రెండు శ్రుతిలో (స డి దగ్గర పెట్టుకుని) వాయించే కుర్రాడి తీగలు డి, ఎ, డి, ఎ, అంటే 147, 220, 294, 440. రెండు వయొలిన్లూ పక్కపక్కన పెడితే ఒక్క తీగ కూడా దాని జతతో కలవదు. వచ్చినాయన ఎ తీగ మీద రెండో వేలు పెట్టమంటారు. మన కుర్రాడు సరిగ్గా అక్కడే పెడతాడు, పలికేది మాత్రం వేరే స్వరం. పూటంతా దీనికే పోతుంది.

అదే ఐదు శ్రుతి (స జి దగ్గర) పెట్టుకుంటే మన తీగలు జి, డి, జి, డి అవుతాయి. కింది రెండు తీగలూ అచ్చంగా వాళ్లవే. పై రెండూ వాళ్లకంటే రెండేసి మెట్లు తక్కువ (మెట్టు అంటే ఈ వ్యాసం అంతటా వీణ మీద ఒక మెట్టు దూరమే). అంటే వచ్చినాయన మన పద్ధతి రుచి చూడాలంటే ఎ తీగని జికి, ఇ తీగని డికి దించుకుంటే చాలు. మన పిల్లలు వాళ్ల పద్ధతికి వెళ్లాలన్నా పై రెండు తీగలే కదపాలి. ఆడపిల్లల గాత్రానికి పక్కవాద్యం వాయించేవాళ్లకి ఐదు, ఐదున్నర ఎలాగూ అలవాటే. వీణ లేని ఉమ్మడి పాఠాలన్నీ ఐదు శ్రుతిలో పెట్టమని నేను గట్టిగా చెప్తాను.

రెండు శ్రుతిలో ఉన్న వయొలిన్‌ని ఐదుకి తేవడం ఆ రోజు పొద్దున్న చేసే పని కాదు. ప్రతి తీగా అయిదు మెట్లు పైకి వెళ్లాలి. వారం ముందు మొదలుపెట్టి రోజుకి ఒక మెట్టు చొప్పున, ఒక తీగ తర్వాత ఒకటి బిగించాలి. బిగించే కొద్దీ బ్రిడ్జి (తీగలు ఆనే నిలువు చెక్క) పైభాగం వేళ్ల పలక వైపు వంగుతుంది. రోజూ పక్కనుంచి చూసి, రెండు చేతుల బొటనవేళ్లతో నెమ్మదిగా నిటారుకి తేవాలి. చూడకుండా వదిలేస్తే ఓ రాత్రి టప్పున పడి పొట్టపలక మీద గాటు పెడుతుంది. తీగ ఆనే పై గాట్లలో పెన్సిల్ ముల్లు రుద్దితే తీగ పట్టేయకుండా జారుతుంది. తీగ బిగించే బిరడ జారుతోందంటే తిప్పుతూ లోపలికి కొంచెం నొక్కాలి. అన్నిటికంటే ముఖ్యం, నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేయకూడదు. లోపల నిలబడి ఉండే సౌండ్ పోస్ట్‌ని పట్టి ఉంచేది తీగల బిగువే. అది పడిపోతే మళ్లీ నిలబెట్టడానికి పనిమంతుడి దగ్గరికి వెళ్లక తప్పదు. తక్కువ శ్రుతికని లావు తీగలు వేయించుకున్నవాళ్లు వాటినే పైకి లాగొద్దు, మామూలు సెట్టు మార్చుకోవాలి. సన్న తీగ ఒకటి అదనంగా పెట్టెలో ఉండాలి. తెగేది ఎప్పుడూ అదే.

వయొలిన్ సంగతి ఇంతగా చెప్పడానికి కారణముంది. ఈ వాద్యం మన దగ్గరికి వచ్చిందే ఇలాంటి పాఠం వల్ల. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. అన్నగారు ఆ పాశ్చాత్య వరసలకే సంస్కృత సాహిత్యం కట్టారు, వాటినే నొట్టుస్వరాలంటాం. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. హరికథతో పాటు పారసీకం తెలిసి, ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చిన మనిషి ఆయన. అక్కడ వయొలిన్ చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో అధ్యక్షులయ్యారు, పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ని ప్రధాన వాద్యంగా కచేరీకి ఎక్కించారు. వీళ్లలో ఎవరూ బయటి సంగీతాన్ని ఉన్నదున్నట్టు దించుకోలేదు, దాన్ని చూసి భయపడనూ లేదు. వాద్యం తీసుకున్నారు, తీగల శ్రుతి మార్చారు, కూర్చునే తీరు మార్చారు. మన పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్లినా ఈ పద్ధతిలోనే వెళ్లాలని నా కోరిక. ఏం తీసుకోవాలో, ఏం మార్చుకోవాలో, ఏది అసలు మార్చకూడదో తెలిసి కూర్చోవాలి.

కూర్చునే తీరు దగ్గరే మొదటి తికమక వస్తుంది. మనం బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తల కుడి చీలమండ మీద, రెండో కొన ఎడమ భుజానికీ ఛాతీకీ ఆనించి పెడతాం. వాద్యం రెండు చోట్లా నిలబడి ఉంటుంది కాబట్టి ఎడమ చెయ్యి పూర్తిగా ఖాళీ, తీగ పొడుగునా జారవచ్చు. నిలబడి వాయించేవాళ్లకి గడ్డం, భుజం మాత్రమే ఆధారం. మన విద్యార్థి నిలబడి అలవాటైన జారు వేస్తే వాద్యం మొత్తం ముందుకి కదులుతుంది, కమాను బ్రిడ్జి మీదకి ఎక్కి కీచుమంటుంది. అందుకని నిలబడి నేర్చుకునేటప్పుడు గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) జోలికి పోకుండా, వేలు ఎత్తి పెట్టే స్వరాలు మాత్రమే వాయించాలి. కింద కూర్చునే అలవాటు లేని అతిథికి పావుగంట చాలు కాళ్లు తిమ్మిరెక్కడానికి. జానెడు ఎత్తు పీట ఒకటి దగ్గర ఉంచండి.

కమాను విషయంలో మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మన అభ్యాసం ఎడమ చేతి మీద ఎక్కువ నడుస్తుంది. కుడి చెయ్యి వంకరగా లాగుతున్నా గమకం బాగుంటే దాటేస్తాం. పాశ్చాత్య గురువులు మొదటి రోజే అద్దం ముందు నిలబెడతారు. ఉత్త తీగ మీద, కమాను మొదలు నుంచి కొస దాకా ఎనిమిది సెకన్లు, బ్రిడ్జికీ వేళ్ల పలకకీ సరిగ్గా నడుమ, ఆ దూరం మారకుండా లాగాలి. నాలుగు తీగల మీదా అలా పదేసి సార్లు. వారం చేస్తే నాదం నిండుతుంది, ఆ తేడా రాగం వాయించినప్పుడు కూడా తెలుస్తుంది. కమాను వెంట్రుకలకీ పుల్లకీ నడుమ ఒక పెన్సిల్ పట్టేంత సందు ఉంటే బిగువు సరిపోయినట్టు. మన తీరం గాలిలో తేమ ఎక్కువ. వానాకాలం వెంట్రుకలు సాగుతాయని ఇంకా బిగిస్తారు, ఎండ కాయగానే అవి ముడుచుకుని పుల్ల వంగుతుంది. వాయించడం అవగానే వదులు చేసి పెట్టాలి.

నూనె సంగతి కూడా చెప్పాలి. వేలు జారడానికి మనలో కొందరు కొబ్బరినూనె చుక్క రాసుకుంటారు, అందులో తప్పేం లేదు. ఆ నూనె కమాను తగిలే చోటికి పాకితే మాత్రం తీగ పలకదు, కమాను గాజు మీద లాగినట్టు జారుతుంది, ఎంత రోజిన్ రాసినా లాభం ఉండదు. అతిథి వయొలిన్ ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని పొడిగా తుడుచుకోవాలి. ఇది మర్యాదే కాదు, వాళ్ల కమాను వెంట్రుకలు మళ్లీ కట్టించుకోవాలంటే బాగా ఖర్చవుతుంది.

వాళ్లు రావడానికి పది రోజుల ముందే ఒక కాగితం పంపాలి. అందులో ప్రతి విద్యార్థి వాద్యం, ఎన్నేళ్లుగా నేర్చుకుంటున్నదీ, శ్రుతి ఉండాలి. శ్రుతిని మన అంకెల్లో రాస్తే బయటివాళ్లకి ఏమీ అర్థం కాదు, అక్షరాల్లోకి మార్చి రాయాలి. ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ, ఆరున్నర ఎ షార్ప్. మన స ఎక్కడైనా ఉండొచ్చనీ, వాళ్ల సి ఎప్పుడూ ఒక్క చోటే ఉంటుందనీ పిల్లలందరికీ ముందే బోధపడాలి. "స అంటే సి" అని ఒకసారి తలకెక్కితే తర్వాత వదిలించడం కష్టం. కాగితంతో పాటు మూడు చిన్న రికార్డింగులు పంపండి: తంబూర మీద ఒక వర్ణం పల్లవి, అదే పల్లవి సగం వేగంలో, తాళం చేత్తో వేస్తూ ఒక ఆవర్తనం (తాళం ఒక పూర్తి చుట్టు) లెక్కింపు. ఇవి విని వచ్చినాయన మొదటి గంటలోనే అసలు పనిలోకి దిగుతారు.

గిటార్ వస్తే శ్రుతి గొడవ సులభంగా తీరుతుంది. మెడ మీద బిగించే కేపో ఒకటో మెట్టు దగ్గర పెడితే సి, డి, జి, ఎ పట్లు (కార్డులు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) వరసగా మన ఒకటిన్నర, రెండున్నర, ఐదున్నర, ఆరున్నర అవుతాయి. మృదంగానికి అలాంటి సౌకర్యం లేదు. కుడి మూత సకి శ్రుతి అయి ఉండాలి. రాయితో, పుల్లతో కొట్టి కొద్దిగా పైకీ కిందికీ జరపవచ్చు గానీ, ఒకటి శ్రుతి మృదంగాన్ని ఐదుకి లాగలేం. తగ్గు శ్రుతికి పొడుగు మృదంగం, హెచ్చు శ్రుతికి పొట్టిది, రెండూ వేదిక దగ్గర ఉండాలి. మృదంగం కుర్రాడిని అడక్కుండా శ్రుతి మార్చేసే వయొలిన్, గిటార్ వాళ్లు ప్రతిచోటా ఉంటారు. ముందే మాట అనుకోండి.

కీబోర్డు దగ్గర ఇంకో చిక్కు. తంబూరతో కలిపి మన చెవి వినే అంతర గాంధారం స నుంచి దాదాపు 386 సెంట్లు, కీబోర్డు గాంధారం 400. ఒక మెట్టుని వంద భాగాలు చేస్తే అందులో పద్నాలుగు భాగాలు ఎక్కువ. పంచమంలో తేడా రెండే కాబట్టి ఎవరికీ వినపడదు. అందుకే తంబూర పెట్టుకుని కీబోర్డుతో శంకరాభరణం పాడే పిల్లలు స, ప దగ్గర హాయిగా ఉండి గ దగ్గర తడబడతారు. తప్పు వాళ్ల గొంతుది కాదు. తంబూరా కీబోర్డూ ఒకేసారి మోగించకండి, పాఠానికి ఒకటే ఆధారం ఉండాలి. అతిథి ఎ స్వరాన్ని 440 బదులు 442 హెర్ట్జ్‌కి శ్రుతి చేసుకునే దేశం నుంచి వస్తే తంబూర యాప్‌లో ఎనిమిది సెంట్లు పెంచుకోండి.

ఇక అసలు కష్టానికి వద్దాం. మన విద్యార్థికి అన్నిటికంటే కష్టమైంది వేగం కాదు, పొడి స్వరం. ఏ స్వరానికైనా కింది నుంచి జారి చేరడం వేళ్లలో ఇంకిపోయి ఉంటుంది. పాశ్చాత్య రచన వాయించేటప్పుడు ప్రతి స్వరం ముందూ ఆ చిన్న జారు వినపడుతుంది, వాయించేవాళ్లకే తెలియదు. మందు ఒకటే. కమాను ఆపి, వేలు సరిగ్గా చోటులో పెట్టి, ఆ తర్వాతే కమాను కదపాలి. నిమిషానికి 60 దెబ్బల లయలో ఒక్కో స్వరం ఎనిమిది అక్షరాలు (తాళం దెబ్బలు), ట్యూనర్ ముల్లు చూస్తూ. మొదట్లో పేలవంగా అనిపిస్తుంది. పది రోజులు చేశాక తమ గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో మొదటిసారి స్పష్టంగా వినపడుతుంది. పాశ్చాత్య అభ్యాసం మన సంగీతానికి చేసే పెద్ద మేలు ఇదే అని నా అభిప్రాయం.

అటువైపు నుంచి వచ్చే తప్పు దీనికి తలకిందులు. తోడి గాంధారం చూపిస్తే వాళ్లు స్వరాన్ని ఉన్నచోటే సన్నగా వణికిస్తారు. మనది వణుకు కాదు, రిషభం పక్క నుంచి మధ్యమం దాకా ఊగే ఊపు. "ఊపండి" అంటే ఇంకా గట్టిగా వణికిస్తారు తప్ప దారి తెలియదు. నాలుగో వంతు వేగంలో, ఎక్కడ ఆనాలో అక్కడ ఆగుతూ చూపించాలి: రి పక్క, మ, రి పక్క, మ. వాళ్లు దాన్ని నాలుగు విడి స్వరాలుగా వాయించగలిగాక వేగం రెట్టింపు చేయాలి, మళ్లీ రెట్టింపు చేయాలి. మూడోసారికి గాంధారం దానంతటదే పుడుతుంది. తన గమకాన్ని ఇలా విప్పి చూపించలేని విద్యార్థి దాన్ని అనుకరణగానే నేర్చుకున్నట్టు. బయటివాళ్లకి చెప్పే ప్రయత్నంలోనే ఆ లోటు బయటపడుతుంది, అప్పుడే సరిదిద్దుకోవచ్చు.

హార్మొనీ (వేరువేరు స్వరాలు ఒకేసారి పలికే కలయిక) వినడానికి కొత్త పాట అక్కర్లేదు, సరళి వరస చాలు. శంకరాభరణంలో స రి గ మ ప ద ని స, స ని ద ప మ గ రి స. మొదటి గుంపు మొదలుపెట్టి గ చేరినప్పుడు రెండో గుంపు స అందుకోవాలి. ఎక్కేటప్పుడు స–గ, రి–మ, గ–ప, మ–ద, ప–ని, ద–స జంటలు వరసగా వస్తాయి. వీటిలో స–గ, మ–ద, ప–ని నాలుగు మెట్ల దూరం, మిగిలిన మూడూ మూడు మెట్ల దూరం. ఈ రెండు రకాల రంగు తేడా చెవి పట్టుకోవడమే పాఠం. పైన తిరిగే చోట ఒక గుంపు పై స మీద, ఒకటి ని మీద ఉండి వరసగా రెండు అక్షరాలు గరగరలాడతాయి. పిల్లలు సరిగ్గా అక్కడే భయపడి అవతలి గుంపులో కలిసిపోతారు. మనకి చిన్నప్పటి నుంచీ నేర్పింది కలవమనే కదా. గుంపులని గదికి రెండు మూలలా నిలబెట్టి, తంబూర చప్పుడు తగ్గించి, ముందు ఉత్త స–ప, తర్వాత స–గ నిలిపి, అప్పుడు వరస మొదలెట్టండి. ఆ రెండు అక్షరాలు నిలదొక్కుకుంటే తక్కినదంతా దానంతటదే నిలబడుతుంది. కుదిరాక మన మొదటి రాగం మాయామాళవగౌళలో అదే చేయండి. స–గ, రి–మ, ప–ని, ద–స నాలుగేసి మెట్లు, గ–ప, మ–ద మూడేసి. వచ్చిన విద్వాంసులు కూడా ఆగి వినే జంటలివి.

మోహనం ఎక్కడ ఉమ్మడి పాఠం పెట్టినా ముందుకొచ్చే రాగం. అయిదు స్వరాలు, చైనా నుంచి స్కాట్లాండ్ దాకా జానపదాల్లో వినిపించే వరస. సులువు కాబట్టే చెడగొట్టడమూ సులువు. సి నుంచి మోహనమంటే సి, డి, ఇ, జి, ఎ. గిటార్ మనిషి అలవాటు కొద్దీ సి తర్వాత ఎఫ్, జి పట్లు పడతాడు. ఎఫ్ పట్టులో ఎఫ్ స్వరమే శుద్ధ మధ్యమం, జి పట్టులో బి ఉంది, అది కాకలి నిషాదం. రెండూ మోహనంలో లేవు. పైన పాడేవాళ్లు సరిగ్గానే పాడుతున్నా కింద రాగం మారిపోయి ఉంటుంది. ఈ అయిదు స్వరాల్లోంచి పూర్తిగా వచ్చే మూడు స్వరాల మామూలు పట్లు రెండే, సి మేజర్, ఎ మైనర్. జి కావాలంటే బి వదిలేసి జి, డి మాత్రం మోగించమనండి. ఈ మాట చెప్పడానికి విద్యార్థి మొహమాటపడకూడదు. రాగం కాపాడటం ఆ గదిలో అతని పని, అతిథి పని కాదు. మంచి కళాకారులైతే సంతోషంగా వింటారు, ఎందుకంటే అలాంటి మాట కోసమే వాళ్లు ఇంత దూరం వచ్చేది.

హిందూస్తానీవాళ్లతో గొడవ తక్కువ, పేర్ల దగ్గర జాగ్రత్త. మన మోహనం వాళ్ల భూపాలి, మన హిందోళం వాళ్ల మాల్కౌఁస్, మన కల్యాణి వాళ్ల యమన్‌కి దగ్గర. కానీ వాళ్ల తోడి స్వరాల్లో మన శుభపంతువరాళికి దగ్గర, మన తోడి స్వరాలు వాళ్ల భైరవి ఠాట్‌వి (ఠాట్ అంటే మన మేళం లాంటిది). పేరు పలకకుండా ముందు ఆరోహణ అవరోహణలు పాడి చూపించుకుంటే సరిపోతుంది.

తాళంలో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. మన కీర్తనలు చాలావరకు సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద కాకుండా అర అక్షరం, ఒకటిన్నర అక్షరం తర్వాత ఎత్తుకుంటాయి. బయటివాళ్లు విన్న మొదటి స్వరాన్నే ఒకటి అనుకుంటారు. ఆవర్తనం మొత్తం పక్కకి జరిగిపోతుంది, చివర కలవదు. కాబట్టి పాట ఎత్తుకునే ముందు ఒక పూర్తి ఆవర్తనం ఖాళీగా చేత్తో వేయాలి. ఆది తాళమైతే దెబ్బ, చిటికెనవేలు, ఉంగరం వేలు, నడిమివేలు, ఆ తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. అతిథితో కూడా వేయించాలి. వాళ్ల లెక్కలో ఇది నాలుగేసి దెబ్బల గదులు రెండు. మిశ్రచాపు అయితే 3+4, ఖండచాపు 2+3 అని విడగొట్టి రాయాలి, ఉత్త ఏడు, అయిదు అని రాస్తే ఎక్కడ బరువు పెట్టాలో తెలియదు.

తబలావాళ్లతో లెక్క ఒకటి తప్పుతూ ఉంటుంది. సమం మీద ఎత్తుకునే ఆది తాళం పాటలో 32 మాత్రల ముక్తాయింపు (ఒకే ముక్కని మూడుసార్లు వాయించి ముగించడం) అంటే మూడుసార్లు పది, నడుమ ఒక్కొక్క మాత్ర విరామం, లేదా మూడు ఎనిమిదులు, నడుమ నాలుగేసి. 32 పూర్తయ్యాక సమం వస్తుంది. వాళ్ల తిహాయిలో (ముక్తాయింపు లాంటిదే) ఆఖరి దెబ్బే సమం మీద పడాలి. కాబట్టి లెక్క 33: మూడు తొమ్మిదులు, నడుమ మూడేసి. ఇది చెప్పుకోకుండా వేదికెక్కితే ఇద్దరూ సరిగ్గా వాయించి కూడా ఒక్క మాత్ర తేడాతో దిగుతారు.

ఆఫ్రికా, క్యూబా లయలు నేర్పేవాళ్లు దొరికితే మృదంగం పిల్లలు వదులుకోకూడదు. ఘానాలో ఎవె జనుల సంగీతంలో ఇనుప గంట మీద మోగే వరస ఒకటి పన్నెండు మాత్రల్లో ఏడు దెబ్బలు: 2, 2, 1, 2, 2, 2, 1. శంకరాభరణం స్వరాల మధ్య మెట్లు లెక్కపెట్టండి, అదే వరస. మన పిల్లలకి గుర్తుండటానికి ఇంతకంటే మంచి దారి లేదు. అసలు కష్టం కాళ్ల దగ్గర. పాదం నాలుగు తిశ్రాలు (మూడేసి మాత్రల ముక్కలు) వేయాలి, అంటే 1, 4, 7, 10 మాత్రల మీద. గంట దెబ్బ పాదంతో కలిసేది 1, 10 దగ్గర మాత్రమే. గంటకి తగ్గట్టు పాదం రెండేసి మాత్రలకి మారిపోతే వరస చచ్చిపోయినట్టే. ముందు పాదం, "తకిట తకిట తకిట తకిట" నోటితో పది నిమిషాలు, ఆ తర్వాతే చేతులు. క్యూబా సంగీతానికి ఆధారమైన క్లావే లయ పదహారు మాత్రల్లో అయిదు దెబ్బలు: 3, 3, 4, 2, 4. మన నోటికి "తకిట తకిట తకధిమి తక తకధిమి". ప్రతి ముక్క మొదటి అక్షరం మీదే దెబ్బ. అరగంటలో వస్తుంది, ఆది తాళంలో ఒక ఆవర్తనానికి రెండుసార్లు కూర్చుంటుంది.

వీణ విద్యార్థులకి వేరే జాగ్రత్తలు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగ తొలిచి చేసే వీణలకి మెట్లు మైనంలో కూర్చోబెడతారు. వేసవిలో బస్సు మీదో కారు డిక్కీలోనో వేసి తెస్తే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, ఒక్క మెట్టు వంగినా ఆ స్వరం నాలుగు తీగల మీదా పోతుంది. సారణిని (వీణ మొదటి తీగని) ఒకటి రెండు మెట్లకి మించి పైకి లాగితే తెగుతుంది. అందుకని వీణ ఉన్న పాఠానికి శ్రుతి వీణే నిర్ణయించాలి, మిగతావాళ్లే సర్దుకోవాలి. పక్క తాళం తీగలు స, ప, స కాబట్టి గిటార్ వేరే పట్టులోకి వెళ్లినప్పుడు వాటిని మీటకూడదు. జెంబే (ఆఫ్రికా చేతి డోలు), డ్రమ్ సెట్ లాంటివి వస్తే వీణ అసలు వినపడదు. మైకు చప్పుడు పెంచితే ఊళ వేస్తుంది. ఆ డోళ్ల చర్మం మీద తువ్వాలు మడిచి వేసి వేలి కొసలతో వాయించమంటే పని జరుగుతుంది.

రోజు ఎలా నడపాలంటే, పది పన్నెండు మందికి మించకుండా, పూటకి మూడు గంటలు. మొదటి నలభై నిమిషాలు వాద్యాలు పెట్టెల్లోనే ఉండాలి, పాడటం, తాళం వేయడం మాత్రమే. తర్వాత ఒకే ఒక్క రాగం, ఒకే ఒక్క తాళం, రెండు రోజులూ అవే. అయిదు పాటలు నేర్పించి ఆఖర్న ఆనందగజపతి ఆడిటోరియంలో ప్రదర్శన పెట్టాలన్న ఆత్రం పాఠాన్ని తినేస్తుంది. ప్రదర్శన కావాలంటే మూడో రోజు పెట్టుకోండి. రికార్డింగుకి ఫోన్ విమానం మోడ్‌లో, మనిషికి నాలుగడుగుల దూరంలో, మెత్తటి గుడ్డ మీద. ప్రతి ముక్కా రెండు నిమిషాలకి మించకుండా, మొదట్లో శ్రుతి, తాళం నోటితో చెప్పి రికార్డు చేస్తే ఆరు నెలల తర్వాత కూడా పనికొస్తుంది. మూడు గంటల రికార్డింగు మళ్లీ ఎవరూ వినరు.

అతిథికి మనం ఇచ్చేది కర్ణాటక సంగీతం ఒక్కటే కాకూడదు. ఒక సాయంత్రం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల తప్పెటగుళ్ల దళాన్ని పిలవండి. ఛాతీ మీద వేలాడే రేకు తప్పెట రెండు చేతులా వాయిస్తూ, కాలి గజ్జెలతో ఆడుతూ, పాడుతూ, మూడు పనులూ ఒకే మనిషి చేయడం ఏ దేశపు లయ విద్వాంసుడికైనా పెద్ద పాఠం. హాల్లో పెడితే రేకు మోత గోడలకి తగిలి ఏ దెబ్బ ఎవరిదో తెలియదు, బయట మైదానంలోనే పెట్టాలి. జముకులకథ వాళ్లు దొరికితే ఆ జముకు దగ్గర్నుంచి చూపించండి. తోలుకి కట్టిన తీగని మీటుతూ, బిగువు మార్చి స్వరాన్ని పైకీ కిందికీ జరుపుతారు. లయ, స్వరం ఒకే వాద్యంలో. నేర్చుకునే వరస కూడా ఆ కళాకారులు నేర్పే వరసే కావాలి, అంటే ముందు అడుగు, తర్వాత పాట, ఆఖర్న వాద్యం. మన విద్యార్థులు కూడా అతిథి పక్కనే నిలబడి అడుగు నుంచి మొదలుపెట్టాలి, చూసేవాళ్ల వరసలో కూర్చోకూడదు. వాళ్ల పాట రికార్డు చేసే ముందు అడగండి, ఎక్కడ పెడతారో చెప్పండి, పెట్టినచోట దళం పేరు, ఊరు పేరు రాయండి. బయటి నుంచి వచ్చిన గురువుకి గంటకి ఎంత ఇస్తున్నారో వీళ్లకీ అంతే ఇవ్వాలి, ప్రయాణ ఖర్చులు వేరే. శాలువా కప్పి పంపేయడం చాలదు.